కార్డు గీకితే ఎంత పోతుంది, పేరు తప్పితే ఏం పోతుంది

మొదటిసారి విదేశం వెళ్లేవాళ్ల ఇంట్లో రెండు నెలల ముందు నుంచే ఒకటే చర్చ. టీసీఎస్ అని (ముందుగానే పట్టుకునే పన్ను) 20 శాతం కోసేస్తారట, డాలర్లు కొంటే జీఎస్టీ వేస్తారట, పదివేల డాలర్లు దాటితే ఎయిర్‌పోర్టులో లాగేసుకుంటారట. నిజానికి వీటిలో మొదటిది తిరిగొచ్చే డబ్బు, రెండోది వందల్లో పోయే డబ్బు, మూడోది ఒక ఫారం నింపితే తీరిపోయే సంగతి. డబ్బు అసలు కారిపోయే చోట్లు వేరే ఉన్నాయి, అవి రసీదు మీద విడిగా కనపడవు కాబట్టి వాటి గురించి ఎవరూ అడగరు. కాగితాల విషయంలోనూ ఇదే తంతు. వీసా ఇంటర్వ్యూకి ఏ చొక్కా వేసుకోవాలో గంటసేపు మాట్లాడుకుంటాం గానీ, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముందో తెరిచి చూడం.

ముందు ఆ గడి సంగతే చూద్దాం, ఎందుకంటే దాన్ని సరిచేసుకోవడానికే అన్నిటికంటే ఎక్కువ టైం పడుతుంది.

మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది, చాలాసార్లు పొడి అక్షరంగానే ఉంటుంది. పదో తరగతి మెమోలో కె.వి. సత్యనారాయణ, ఆధార్‌లో కొత్తపల్లి వెంకట సత్యనారాయణ, పాన్ కార్డులో సత్యనారాయణ కొత్తపల్లి, బ్యాంకు పాస్‌బుక్‌లో మళ్లీ ఇంకో రకం. ఊళ్లో ఉన్నంతకాలం ఎవరూ పట్టించుకోరు, అన్నీ ఒకే మనిషివని అందరికీ తెలుసు. పాస్‌పోర్టుకి మాత్రం రెండు గడులుంటాయి, ఇంటిపేరు ఒకచోట, సొంత పేరు ఇంకోచోట, పొడి అక్షరాలు కుదరవు. ఫారం నింపేటప్పుడు ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పేరంతా రెండో గడిలో రాసేసినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో కొల్లలు. పాస్‌పోర్టు ఇబ్బంది లేకుండా చేతికొస్తుంది కాబట్టి అంతా బాగుందనుకుంటారు, చిక్కంతా తర్వాత మొదలవుతుంది.

అమెరికా వీసా ఫారంలో ఇంటిపేరు గడి ఖాళీగా వదలనివ్వరు. అందుకని మీ పేరంతా తీసుకెళ్లి ఇంటిపేరు గడిలో పెట్టి, సొంత పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ అని వేస్తారు, అంటే పేరు తెలియదని. చదువుకోడానికో ఉద్యోగానికో వెళ్లినవాళ్లకి అక్కడి లైసెన్సులోనూ, బ్యాంకులోనూ అదే పేరుగా దిగిపోతుంది, ఆఫీసులో కొత్తవాళ్లు "హాయ్ ఫ్ను" అని పిలుస్తారు. నవ్వొస్తుంది గానీ దాన్ని మార్పించుకోవడం మాత్రం చిన్న పని కాదు. యూఏఈ ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. 2022 నవంబరులో పాస్‌పోర్టులో ఒకే ఒక్క మాట పేరుగా ఉన్నవాళ్లకి విజిట్ వీసా మీద ప్రవేశం లేదని చెప్పేసింది, తర్వాత పాస్‌పోర్టు చివరి పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే ఒప్పుకుంటామని సడలించింది. గల్ఫ్‌కి ఎక్కువగా వెళ్లే కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల వాళ్లు టికెట్ కొనకముందే చూసుకోవాల్సింది ఇదే.

దీనికి మందు ఒక్కటే, పాస్‌పోర్టు రీఇష్యూకి పెట్టి పేరుని రెండు గడుల్లోకి విడగొట్టించుకోవడం. మామూలుగా 36 పేజీల పాస్‌పోర్టుకి 1,500, 60 పేజీలదానికి 2,000, తత్కాల్ అయితే ఇంకో 2,000. టికెట్, వీసా ఉన్నాక ఈ పని పెట్టుకోకండి, అప్పుడు అన్నీ తిరగరాయించాలి. పెళ్లయిన ఆడవాళ్లకి ఇంకో మాట: పెళ్లయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చి తీరాలన్న నిబంధన ఏదీ లేదు. డిగ్రీలు, పాన్, బ్యాంకు అన్నీ పుట్టింటి పేరుతో ఉండి ఒక్క పాస్‌పోర్టు మాత్రం అత్తింటి పేరుతో చేయించుకుంటే, ఆ తర్వాత ప్రతిచోటా ఇద్దరూ ఒకరే అని రుజువు చేసుకుంటూ తిరగాలి. మార్చుకోవాలనుంటే అన్నీ మార్చుకోండి, లేదంటే ఏదీ ముట్టుకోకండి.

పెద్దవాళ్ల పుట్టినరోజు కూడా ఇలాంటిదే. ఆధార్ తీసుకునేటప్పుడు తేదీ తెలియక జనవరి 1 అని వేయించుకున్న అమ్మమ్మలు ఎందరో, స్కూలు సర్టిఫికెట్ ఉంటే అందులో ఇంకో తేదీ. బర్త్ సర్టిఫికెట్ లేకపోతే పాస్‌పోర్టు రాదని ఈమధ్య ఒక పుకారు లేచింది కదా, అది 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు సంబంధించిన నిబంధన. పెద్దవాళ్లకి టెన్త్ సర్టిఫికెట్, పాన్ లాంటివి ఎప్పటిలాగే చెల్లుతాయి. కావాల్సిందల్లా ఏదో ఒక తేదీని పట్టుకుని అన్నిట్లోకీ అదే తేవడం.

టికెట్ బుక్ చేసేటప్పుడు పాస్‌పోర్టు ఫొటో పేజీ ఎదురుగా పెట్టుకుని, కింద బాణాల గుర్తులతో ఉన్న రెండు వరుసలు చూడండి. మెషిన్ చదివేది అదే, అక్కడ ఎలా ఉంటే టికెట్ మీదా అలాగే ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లయితే ఆ విమాన సంస్థ ఏం రాయమంటుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి. పాస్‌పోర్టుకి ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలల గడువుండాలని చాలా దేశాలు అడుగుతాయి, రెండు ఖాళీ పేజీలు కూడా. పాత పాస్‌పోర్టులో చెల్లే అమెరికా వీసా ఉంటే దాన్ని బీరువాలో పెట్టి వెళ్లొద్దు, కొత్తదీ పాతదీ రెండూ పట్టుకెళ్తే సరిపోతుంది, వీసా మళ్లీ తీసుకోనక్కర్లేదు.

వీసా గడువు వేరు, ఉండనిచ్చే గడువు వేరు

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకి సాధారణంగా పదేళ్ల బీ1/బీ2 (సందర్శకుల) వీసా వస్తుంది, దరఖాస్తు ఫీజు మనిషికి 185 డాలర్లు, వీసా రాకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. పదేళ్ల వీసా అంటే పదేళ్లలో ఎప్పుడైనా వెళ్లి తలుపు తట్టొచ్చని మాత్రమే. లోపలికి వచ్చాక ఎన్ని రోజులుండొచ్చో విమానాశ్రయంలో ఆఫీసరు నిర్ణయిస్తాడు, అది ఐ-94 అనే రికార్డులో ఉంటుంది, మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. దిగిన వారంలోపే పిల్లలతో ఆ రికార్డు ఆన్‌లైన్‌లో తీయించి తేదీ చూసుకోండి, అందులో పేరో తేదీయో తప్పుపడితే అప్పుడే దిద్దించుకోవడం తేలిక. తిరుగు టికెట్ ఆ తేదీకి ముందుండాలి. సరిగ్గా చివరి రోజుకి పెట్టుకుని విమానం రద్దయితే ఏం చేస్తారు? ఆ తేదీకి ఓ పదిరోజుల ముందే ఉండేలా చూసుకోండి.

యూరప్‌లో లెక్క ఇంకో రకం. ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాలు 29, వీటన్నిటికీ కలిపి ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకి మించకూడదు. ఫ్రాన్స్‌లో కొన్ని రోజులు, ఇటలీలో కొన్ని రోజులు అంటే రెండూ కలుస్తాయి. ఇదివరకు ముద్రలు చూసి వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లు, 2025 అక్టోబరు 12 నుంచి ఈఈఎస్ అనే పద్ధతి మొదలుపెట్టి ముఖం ఫొటోతో సహా కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు, కాబట్టి ఒకరోజు ఎక్కువైతే ఎవరూ చూడరులే అనుకునే రోజులు పోయాయి. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్సు తప్పనిసరి.

ఇన్సూరెన్సు అంటే గుర్తొచ్చింది, అమెరికాకి అది తప్పనిసరి కాదు, అందుకే జనం మానేస్తారు, అవసరం పడేదేమో అక్కడే. కొనేటప్పుడు బీపీ, షుగర్ లాంటి ముందునుంచీ ఉన్న జబ్బులకి ఏం రాశారో ఆ ఒక్క పేరా చదవండి, తక్కిన రంగుల కాగితం అంతా వదిలేసినా పర్లేదు.

బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గర మనవాళ్లు ఒక తెలివితేట చూపిస్తారు: దరఖాస్తుకి వారం ముందు బావమరిది దగ్గర ఐదు లక్షలు తెచ్చి ఖాతాలో వేయడం. మూడు నెలలదో ఆరు నెలలదో స్టేట్‌మెంట్ అడిగేది బ్యాలెన్సు చూడ్డానికే కాదు, నెలనెలా ఏం వస్తోంది, ఏం పోతోంది అని చూడ్డానికి. 40 వేల జీతం మధ్యలో ఐదు లక్షలు ఊడిపడితే అదే అనుమానం. ఖర్చు పిల్లలో అన్నయ్యో పెట్టుకుంటుంటే ఆ సంగతే రాసి వాళ్ల కాగితాలు జతచేయడం మేలు. ఏజెంటు దొంగ లెటర్లు పెడతానంటే అక్కడినుంచి లేచొచ్చేయండి. తప్పుడు పత్రంతో వీసాకి ప్రయత్నించారని తేలితే అమెరికా చట్టంలో అది శాశ్వత అనర్హత, ఏజెంటుకి ఏమీ కాదు, పేరు మీదే ఉంటుంది.

ఇప్పుడు డబ్బు

టీసీఎస్‌తో అందరికీ టెన్షన్ కాబట్టి దాన్ని ముందు తేల్చేద్దాం. ఇక్కడ నివాసం ఉండేవాళ్లు ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల వరకు బయటికి పంపుకోవచ్చు, వాడుకోవచ్చు, రిజర్వు బ్యాంకు పెట్టిన ఆ పథకాన్నే ఎల్ఆర్ఎస్ అంటారు. ఈ దారిలో పోయే డబ్బు 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన భాగం మీద 20 శాతం టీసీఎస్ పడుతుంది. 2025 ఏప్రిల్‌కి ముందు ఈ గీత 7 లక్షల దగ్గర ఉండేది. గీత మనిషికి విడివిడిగా, పాన్ లెక్కన ఉంటుంది, అన్ని బ్యాంకులూ కలిపి. అంటే నలుగురు ఎవరి పాన్ మీద వాళ్లు ఫారెక్స్ (విదేశీ కరెన్సీ) తీసుకుంటే మామూలు కుటుంబ ప్రయాణంలో టీసీఎస్ ఛాయలకు కూడా వెళ్లరు. చదువుకీ వైద్యానికీ రేటు తక్కువ, బ్యాంకు లోను మీద పంపే ఫీజుకి అసలు లేదు.

టూర్ ప్యాకేజీ మాత్రం వేరు. విమానం టికెట్, హోటల్ లాంటివి రెండు కలిపి ఒకరి దగ్గరే కొంటే అది ప్యాకేజీ కింద లెక్క, దానికి 10 లక్షల మినహాయింపు లేదు, మొదటి రూపాయి నుంచే పట్టుకుంటారు. రేటు బడ్జెట్లలో మారుతూ వచ్చింది కాబట్టి బుక్ చేసే రోజున ఎంతో అడగండి. ఒట్టి విమానం టికెట్ ఒకచోట, హోటల్ ఇంకోచోట విడిగా కొంటే ఇది వర్తించదు.

ఇదంతా చెప్పాక అసలు విషయం: టీసీఎస్ ఖర్చు కాదు, ముందుగా పట్టుకున్న ఇన్‌కం ట్యాక్స్. మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసినప్పుడు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు, పన్నే లేకపోతే వెనక్కి వస్తుంది. ఉద్యోగులు ఆఫీసులో చెప్పి నెలనెలా కోసే టీడీఎస్‌లోనే సర్దుబాటు చేయించుకునే వీలు కూడా 2024 అక్టోబరు నుంచి ఉంది. ఇబ్బందల్లా రిటర్న్ వేసే అలవాటు లేని అమ్మ పాన్ మీద ప్యాకేజీ కొని, తర్వాత మర్చిపోవడంతోనే. రిటర్న్ వేసేవాళ్ల పేరు మీద కొనండి, అంతే.

క్రెడిట్ కార్డు గురించి 2023 మేలో ఒక గొడవ జరిగింది గుర్తుందా, విదేశాల్లో క్రెడిట్ కార్డు వాడినా ఎల్ఆర్ఎస్ లెక్కలోకి వస్తుందని నోటిఫికేషన్ ఇచ్చి, జనం గోల పెట్టాక జూన్ నెలాఖర్లో వాయిదా వేశారు. ఆ వాయిదా పుణ్యమాని విదేశంలో ఉండగా క్రెడిట్ కార్డుతో పెట్టే ఖర్చుకి టీసీఎస్ పడటం లేదు, డెబిట్ కార్డు, ముందే విదేశీ కరెన్సీ వేయించుకునే ఫారెక్స్ కార్డు మాత్రం లెక్కలోకి వస్తాయి.

మరి నిజంగా ఎక్కడ పోతుంది? మార్పిడి రేటులో. చాలా క్రెడిట్, డెబిట్ కార్డులకి విదేశీ కరెన్సీలో వాడితే మూడున్నర శాతం దాకా మార్కప్ (బ్యాంకు అదనంగా వేసుకునే చార్జీ) ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. లక్ష రూపాయల ఖర్చు పెడితే 3,500, దానిమీద 630, మొత్తం 4,130 రూపాయలు. ఇది తిరిగొచ్చేది కాదు, ఏ రిటర్న్‌లోనూ చూపించుకోలేం. మార్కప్ లేని కార్డులూ, తక్కువున్న కార్డులూ ఉన్నాయి, బ్యాంకు చార్జీల పట్టికలో ఒక్క వరుస వెతికితే తెలుస్తుంది, లాంజ్‌లో ఫ్రీ ఇడ్లీ కంటే ఆ వరుసే ముఖ్యం.

దీని మీద ఇంకో దెబ్బ ఉంది, అది దుకాణం దగ్గర పడుతుంది. కార్డు పెట్టగానే మెషిన్ మర్యాదగా అడుగుతుంది, రూపాయల్లో కడతారా, ఇక్కడి కరెన్సీలో కడతారా అని. రూపాయలు కనపడగానే మనకి ప్రాణం లేచొస్తుంది, ఎంతో తెలిసిపోయింది కదా అని నొక్కేస్తాం. అలా నొక్కితే మార్పిడి రేటు మీ బ్యాంకు కాకుండా అక్కడి మెషిన్ వాళ్లు వేస్తారు, వాళ్ల లాభం అందులో కలిపి. పైగా రూపాయల్లోనే కట్టినా దుకాణం విదేశంలోదే కాబట్టి మన బ్యాంకుల్లో చాలావరకు దానికీ ఒక చార్జీ వేస్తాయి. దీన్ని డీసీసీ అంటారు. ఎక్కడైనా సరే, దుబాయ్‌లో దిర్హమ్, లండన్‌లో పౌండ్, అదే నొక్కండి. ఏటీఎం ఇంకా గడుసుది, మార్పిడి ఒప్పుకుంటారా అని అడిగి, వద్దంటే లావాదేవీ ఆగిపోతుందేమో అనిపించేలా రాస్తుంది. వద్దని నొక్కినా డబ్బు వస్తుంది. ఏటీఎంలో క్రెడిట్ కార్డు మాత్రం పెట్టకండి, తీసిన రోజు నుంచే వడ్డీ.

నోట్లు కొనేటప్పుడు జీఎస్టీ గురించి బెంగపడేవాళ్ల కోసం లెక్క: లక్ష రూపాయల వరకు మార్పిడిలో ఒక శాతాన్ని సేవ విలువగా తీసుకుని దానిమీద 18 శాతం వేస్తారు. అంటే లక్షకి 180 రూపాయలు, ఎంత తక్కువ కొన్నా కనీసం 45. అదే కౌంటరు వాడు డాలరుకి మూడు రూపాయలు ఎక్కువ వేసుకున్నాడనుకోండి, వెయ్యి డాలర్లకి మూడు వేలు పోయాయి, మీరేమో 180 కోసం కొట్లాడుతున్నారు. "జీరో కమిషన్" అన్న బోర్డు చూసి మురిసిపోవద్దు, కమిషన్ రేటులోనే ఉంటుంది. నాలుగు చోట్ల ఒకటే ప్రశ్న అడగండి, నేను ఇన్ని రూపాయలిస్తే అన్నీ పోను చేతికి ఎన్ని డాలర్లు వస్తాయి? శంషాబాద్ ఎయిర్‌పోర్టులో విమానం ఎక్కబోయే ముందు కొనడం దాదాపు ఎప్పుడూ ఖరీదే, ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచీ కొనుక్కునే వీలుంది. 50 వేలు దాటితే రూపాయలు నగదుగా తీసుకోరు, ఖాతా నుంచే కట్టాలి.

చాలా దేశాలకి మన దగ్గర కొనే నోట్లు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ దాటకూడదు, మిగతాది కార్డులో వేయించుకోవాలి. ఆ పదివేల డాలర్ల భయం వేరే. అమెరికాలో దిగేటప్పుడు కుటుంబం మొత్తం మీద 10,000 డాలర్లకి మించి నగదు ఉంటే చెప్పాలి, చెబితే పన్నేమీ ఉండదు, దాచితేనే పట్టుకుంటారు.

ఫారెక్స్ కార్డు మంచిదే, రేటు వేయించిన రోజే ఖాయమవుతుంది, పోతే బ్లాక్ చేయొచ్చు. కానీ ఏ దేశానికి వెళ్తుంటే ఆ కరెన్సీయే వేయించుకోవాలి, డాలర్లు వేయించి యూరప్‌లో గీకితే మళ్లీ మార్పిడి చార్జీ. హోటల్లో, అద్దె కారు దగ్గర డిపాజిట్ కింద కొంత డబ్బు పట్టి ఉంచుతారు, అది ఫారెక్స్ కార్డులో పట్టిస్తే రోజుల తరబడి మీ డబ్బు మీకే అందదు, అక్కడ క్రెడిట్ కార్డు ఇవ్వండి. నా మటుకు ఒక ఫారెక్స్ కార్డు, ఒక తక్కువ మార్కప్ క్రెడిట్ కార్డు, కాస్త నగదు, ఈ మూడూ రెండు వేర్వేరు బ్యాగుల్లో పెట్టుకోవడం కంటే మించిన ఏర్పాటు కనపడలేదు. యూపీఐ నేపాల్, భూటాన్, శ్రీలంక, మారిషస్, సింగపూర్, యూఏఈ, ఫ్రాన్స్‌లలో కొన్ని చోట్ల నడుస్తుంది, యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసుకుంటేనే. దాన్ని నమ్ముకుని జేబు ఖాళీగా మాత్రం వెళ్లొద్దు.

కార్డుల్లో కూడా అంతర్జాతీయ వాడకం 2020 మార్చి తర్వాత ఇచ్చినవాటికి మూతేసి ఇస్తున్నారు, రిజర్వు బ్యాంకు ఆదేశం. ఇక్కడుండగానే యాప్‌లో తెరిచి, పరిమితి పెట్టుకోండి. ఓటీపీ వచ్చే సిమ్‌కి రోమింగ్ ఆన్ ఉండాలి. ఆరు నెలలకి వెళ్లే పెద్దవాళ్ల ప్రీపెయిడ్ నంబరు రీచార్జ్ లేక మూతపడితే బ్యాంకు, ఆధార్, గ్యాసు బుకింగ్ అన్నీ దాంతోనే పోతాయి, వెళ్లేముందు పొడుగాటి వ్యాలిడిటీ వేయించండి.

ఒంటిమీద బాగా బంగారం పెట్టుకెళ్లేవాళ్లు వెళ్లేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే, వచ్చేటప్పుడు ఇది ఇక్కడిదే అని వాదించే పని తప్పుతుంది. ఇంకో రెండు, కాగితం కాకపోయినా చెప్పక తప్పదు: అమెరికాకి కరివేపాకు, పచ్చిదైనా ఎండుదైనా, తీసుకెళ్లనివ్వరు, యూఏఈ, సింగపూర్‌లకు గసగసాలు అసలు వద్దు, అక్కడ అవి మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తాయి.

తిరిగొచ్చాక మిగిలిన డాలర్ల సంగతి చాలామందికి తెలియదు. నోట్లు 2,000 డాలర్ల విలువ దాకా ఇంట్లో ఉంచుకోవచ్చు, ఆపైన ఉంటే వచ్చిన 180 రోజుల్లోపు అమ్మేయాలి. చిల్లర నాణేలకి పరిమితి లేదు, వాటిని ఎవరూ కొనరు కూడా. ఫారెక్స్ కార్డులో మిగిలిందాన్ని వాడకుండా వదిలేస్తే కొన్ని బ్యాంకులు నెలనెలా చార్జీ పేరుతో కొంచెం కొంచెంగా తినేస్తాయి, మళ్లీ దగ్గర్లో ప్రయాణం లేకపోతే దిగిన వారంలోనే రూపాయల్లోకి మార్పించి ఖాతాలో వేయించుకోండి.